సోలార్ పరిశోధనకు సర్కారు సొమ్ము: ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరికి అందుతుంది?

ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే ఎంత సబ్సిడీ వస్తుందో ఇప్పుడు చాలామందికి తెలుసు. పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు లేదా అంతకుమించి పెడితే 78 వేల రూపాయలు. కానీ ఆ ప్యానెల్ మన స్తోమతకు అందే ధరకు దిగడానికి కారణం సబ్సిడీ ఒక్కటే కాదు. దాని వెనక యాభై ఏళ్లుగా రకరకాల ప్రభుత్వాలు పరిశోధనకు పెట్టిన ఖర్చు ఉంది.

మొదలు ఎక్కడ?

1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ తయారుచేసిన సిలికాన్ సెల్, తన మీద పడ్డ ఎండలో సుమారు 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. ధర ఎంత ఎక్కువంటే, చాలాకాలం ఉపగ్రహాలకు తప్ప మామూలు ఇళ్లకు పనికిరాలేదు. 1973లో చమురు సంక్షోభం రాగానే ప్రభుత్వాలు మేల్కొన్నాయి. 1974లో జపాన్ 'సన్‌షైన్ ప్రాజెక్ట్' మొదలుపెట్టింది. అమెరికా అదే ఏడాది సోలార్ పరిశోధనకు చట్టం చేసి, 1977లో కొలరాడోలో ప్రత్యేక సంస్థను తెరిచింది. 2011లో 'సన్‌షాట్' పేరుతో ధర తగ్గింపు మీదే గురిపెట్టింది. పెద్ద సోలార్ ప్లాంట్లకు 2020 నాటికి పెట్టుకున్న లక్ష్యాన్ని 2017లోనే చేరుకుంది.

ఆస్ట్రేలియా అనుభవం వేరు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మార్టిన్ గ్రీన్ బృందం ప్రభుత్వ సాయంతో మెరుగైన సెల్ డిజైన్లు తెచ్చింది. అక్కడే పీహెచ్‌డీ చేసిన షీ జెంగ్‌రాంగ్ 2001లో చైనాలో సన్‌టెక్ కంపెనీ పెట్టారు. చదువు ఆస్ట్రేలియాది, ఫ్యాక్టరీలు చైనావి అయ్యాయి. పరిశోధనకు డబ్బు ఇస్తే చాలదు, దాన్ని ఫ్యాక్టరీ దాకా తీసుకెళ్లాలి అనడానికి ఇదే ఉదాహరణ.

మన దేశంలో

మనం ఆలస్యంగా ఏమీ మొదలుపెట్టలేదు. ప్రభుత్వరంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లోనే దేశపు తొలి సోలార్ సెల్ తయారుచేసింది. 1982లో ప్రత్యేక శాఖ ఏర్పడింది. అదే నేటి నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ. 2010 జనవరి 11న జాతీయ సోలార్ మిషన్ ప్రారంభమైంది. అదే ఏడాది కేంద్రం సొమ్ముతో ఐఐటీ బాంబేలో ఫోటోవోల్టాయిక్ పరిశోధన కేంద్రం వచ్చింది. ఢిల్లీ పక్కనే గురుగ్రామ్‌లో జాతీయ సౌరశక్తి సంస్థ ఉంది. ప్యానెళ్ల నాణ్యతా పరీక్షలు, శిక్షణ అక్కడ జరుగుతాయి.

డబ్బు వచ్చే దారులు

ఒకటి, ఇంధన శాఖ సొంత పరిశోధన పథకం. 2021-22 నుంచి 2025-26 వరకు దీనికి 228 కోట్లు కేటాయించారు. ప్రభుత్వ, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు ఖర్చులో 100 శాతం వరకు ఇస్తారు. కంపెనీలు, స్టార్టప్‌లు, ప్రైవేటు కాలేజీలకు 50 నుంచి 70 శాతం వరకు.

రెండు, సైన్స్, టెక్నాలజీ విభాగం, సీఎస్‌ఐఆర్ ఇచ్చే గ్రాంట్లు. 2023లో చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ కూడా ఇందులో చేరింది.

మూడు, 2025 జూలైలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి నిధి. ఇది గ్రాంటు కాదు. ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా ఇచ్చే దీర్ఘకాలిక అప్పు. సోలార్ ఒక్కదానికే కాదు, చాలా రంగాలకు కలిపి.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పీఎల్‌ఐ కింద సోలార్ ఫ్యాక్టరీలకు ప్రకటించిన 24 వేల కోట్లు (ముందు 4,500, తర్వాత 19,500) పరిశోధనకు కాదు, ఉత్పత్తికి.

మన హైదరాబాద్‌లో

పాతబస్తీకి దగ్గర్లోని బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. ప్యానెల్ మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుందని మేడ మీద సోలార్ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆ దుమ్ము నీళ్లతో సులువుగా పోయేలా చేసే పూతను ఈ సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. మన ఎండకు, మన దుమ్ముకు తగిన జవాబు మన దగ్గరే వెతకాలి. వేరే దేశం వాళ్లు మన కోసం వెతికి పెట్టరు.

తేడా ఎక్కడుంది?

సూర్యఘర్ పథకానికి కేటాయింపు 75,021 కోట్లు. శాఖ పరిశోధన పథకానికి 228 కోట్లు. అంటే మేడ మీద పెట్టడానికి వంద రూపాయలైతే, మెరుగైనది కనిపెట్టడానికి ముప్పై పైసలు. మిగతా శాఖల గ్రాంట్లు కలిపినా తేడా పెద్దదే. అన్ని రంగాలూ కలిపి పరిశోధన మీద మన దేశం పెడుతున్నది జీడీపీలో సుమారు 0.64 శాతం.

దీని ఫలితం కళ్ల ముందే ఉంది. ప్యానెళ్లు ఇక్కడే బిగిస్తున్నాం, లోపలి వేఫర్లు మాత్రం ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. అక్కడ ధర పెరిగినా, సరఫరా ఆగినా ఆ భారం ఇక్కడి వినియోగదారుడి మీదే పడుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా పెరోవ్‌స్కైట్ అనే కొత్త పదార్థం మీద పడింది. సిలికాన్ మీద దీన్ని పొరగా వేస్తే ఎక్కువ కరెంటు వస్తుంది. కానీ వేడికి, తేమకు త్వరగా పాడవుతుంది. ఆ చిక్కు ఎవరు ముందు విప్పితే రేపటి మార్కెట్ వాళ్లది.

పిల్లలకు దారి

ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎంటెక్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ సంగతి చెప్పండి. నెట్ లేదా గేట్ అర్హతతో పీహెచ్‌డీలో చేరి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ప్రభుత్వ గ్రాంటు వచ్చిన ప్రాజెక్టుల్లో ల్యాబ్ ఉద్యోగాలకు కూడా ఐఐటీలు, ఏఆర్‌సీఐ లాంటి సంస్థలు తమ వెబ్‌సైట్లలో నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. పై చదువు అంటే భారమే అనుకుని ఆగిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. సోలార్ పరిశోధనలో చదువుతో పాటే నెల జీతం లాంటిది కూడా ఉందని తెలిస్తే, కొందరైనా ఆగకుండా ముందుకు వెళ్తారు.