పదునైదు నెలల నిరీక్షణ

శతవత్సర సంచికలకు వ్యాసము వ్రాయబూనిన వారిని ఒక శోధన వెంటాడును. అది లెక్కల శోధన. ఎన్ని గుడులు కట్టితిమి, ఎన్ని బడులు నడిపితిమి, ఎందరికి బాప్తిస్మమిచ్చితిమి అని వరుసగా వ్రాసికొనిపోయిన యెడల పుటలు వాటంతటవే నిండును. చదువరులకును సంతోషము కలుగును. ఆ లెక్కలు ఉండవలసినవే. నేనును ఈ వ్యాసములో కొన్ని వ్రాయుదును. అయితే పాత సంఘ రిజిస్టరులు తిరగవేయువారికి మరియొక సంగతి కనబడును. ఏ వ్రాతయు లేని నెలలు కూడ ఆ పుస్తకములలో ఉన్నవి. ఆ నెలలలో సంఘము చచ్చియుండెనా, బ్రదికియుండెనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములు చదువుటవలన పుట్టినది కాదు. దేవరగట్టు కొండ కనబడు పల్లెలలో పరిచర్య చేయు కాపరికి ఇది ఏటేట ఎదురగు ప్రశ్న. ఆ మాట తరువాత చెప్పెదను. ముందుగా కరువు సంగతి.

ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతములు నేడు కర్నూలు జిల్లాలో నున్నవి గాని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఇవి బళ్లారి జిల్లాలోనివి. అందుచేతనే మన పల్లెల తెలుగులో కన్నడము ఇంతగా కలిసియున్నది. లండను మిషనెరీ సొసైటీవారు 1810లో బళ్లారికి వచ్చిరి. జాన్ హాండ్స్ దొరగారు అక్కడ నుండియే కన్నడ బైబిలు పని సాగించిరి. 1822లో అదే మిషను కడపలో పని మొదలుపెట్టెను. ఈ విధముగా సువార్త మన నేలకు రెండు భాషలలో, రెండు దిక్కుల నుండి వచ్చినది. కాని మన తాతముత్తాతల కథలలో దొరలకంటె ముందు వినబడు పేరు వేరొకటి యున్నది. అది ధాత కరువు.

1876లో నైరుతి వానలు తప్పెను, ఈశాన్యపు వానలును తప్పెను. తెలుగు సంవత్సరముల లెక్కలో అది ధాత నామ సంవత్సరము గనుక ఆ పేరే కరువునకు నిలిచినది. మరుసటి యేడు వేసవి గడచినను మేఘము కరగలేదు. 1877 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గాని నేల తడియలేదు. ఆ రెండేండ్లలో జరిగినదానిని జనాభా లెక్కలు నిర్దాక్షిణ్యముగా చెప్పుచున్నవి. 1871 లెక్కను 1881 లెక్కతో పోల్చిన యెడల కర్నూలు జిల్లా జనములో సుమారు నాలుగవ వంతు, బళ్లారి జిల్లా జనములో సుమారు ఐదవ వంతు తగ్గిపోయిరి. నాలుగిండ్ల వాడలో ఒక ఇల్లు మాసిపోయినట్లు తలంచుకొనుడి.

రైలు లేక ధాన్యము రాలేదని కొందరు తలంతురు. అది నిజము కాదు. మద్రాసు నుండి గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు పోవు రైలు మార్గము 1871 నాటికే పూర్తియైనది. ధాన్యము వచ్చెను, కొను శక్తి లేదు. పంట పోయినప్పుడు రైతుకు కొంత నిలువ ధాన్యమో, అమ్ముకొనుటకు ఎద్దులో ఉండును. కూలివానికి కూలి పోయిన దినముననే ఆకలి మొదలు. మన సంఘములలో అధిక భాగము ఎవరి సంతానమో మనకు తెలియును. మాల మాదిగ వాడలలో భూమి లేనివారే ఎక్కువ. ఊరి బావి నీరు వారికి మామూలు రోజులలోనే దొరకదు. ఇక కరువులో చెప్పవలెనా?

సర్కారువారు రోడ్లు, చెరువులు, కాలువల పనులు పెట్టిరి. 1877 జనవరిలో ఇండియా ప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గింపవలెనని కూలిని కోసివేసెను. రోజుకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది డబ్బు. ఎండలో మన్ను త్రవ్వు మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించెను. కాగితముల మీద ఆ వాదము సాగుచుండగా శిబిరములలో కలరా పనిచేసికొనిపోయెను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోవుట న్యాయము కాదు. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినది క్రైస్తవులు మాత్రమే అన్నట్లు మనము వ్రాయరాదు. అంతకు పదేండ్ల ముందు, 1866 కరువులో, నాటి కర్నూలు జిల్లా ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తన గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టిరి. రాయలసీమ ఇప్పటికిని ఆయనను పాటలలో తలంచుకొనుచున్నది. ఎమ్మిగనూరులో 1938లో చేనేత కార్మికుల కొరకు సహకార సంఘము స్థాపించి వేల చేతులకు పని చూపినవారు మాచాని సోమప్పగారు. ఇట్టివారిని తలంచుకొని మనము కొంచెము తలవంచుకొనుట మంచిది. సంఘము చేసినది మరియొకటి యున్నది. దానికొరకు తూర్పుగా ఒంగోలు వైపు చూడవలెను. ఒంగోలు మనకు దూరమని తలంపకుడి. ఆ మిషను పొలములో చేరిన కంభము, మార్కాపురము తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివే.

అమెరికను బాప్తిస్టు మిషను తెలుగు దేశములో 1836లో శామ్యూల్ డే దొరగారితో మొదలైనది. ఇరువది యేండ్లు గడచుచున్నను వ్రేళ్లమీద లెక్కించదగిన విశ్వాసులే గనుక, దీనిని మూసివేయుదమా అని అమెరికాలోని పెద్దలు ఒకటికంటె ఎక్కువ పర్యాయములు చర్చించిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద జూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము అయిదుగురు మోకరించి ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండ వచ్చినది 1866లో. అనగా పండ్రెండేండ్ల తరువాత. తోళ్ల వ్యాపారము చేయు యెర్రగుంట్ల పేరయ్యగారు ప్రభువును నమ్మి తన జనుల మధ్య తిరిగి సాక్ష్యమిచ్చుట ఆ కాలముననే మొదలైనది. ఈ పేరయ్యగారి వంటివారు లేనిదే క్లౌ దొరగారు ఏమియు చేయగలిగియుండరని నా అభిప్రాయము.

కరువు వచ్చెను. క్లౌ దొరగారు బోధకుడు కాకపూర్వము సర్వేయరు. బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల భాగమును ఆయన స్వయముగా కంట్రాక్టు తీసికొనిరి. ఏల? కడజాతివారని మేస్త్రీలు కూలిలో కోతకోసి, కొట్టి తిట్టి తరుముచుండిరి గనుక, తన పనిలో అట్లు జరుగకూడదని. ఉపదేశులే మేస్త్రీలైరి. పగలు మన్ను కొలిచిరి. విశ్రాంతి వేళ భారము మోయువారికి విశ్రాంతినిచ్చెదనన్న ప్రభువు పిలుపును వినిపించిరి. వేలమంది వినిరి. బాప్తిస్మము కొరకు అడిగిరి.

ఆయన ఇయ్యనని చెప్పెను.

ఒక దినము కాదు, ఒక నెల కాదు. 1877 మార్చి మొదలుకొని 1878 జూను వరకు, పదునైదు నెలలు, ఆ మిషనులో బాప్తిస్మము నిలిపివేసిరి. చేతిలో కూలియు సహాయ ద్రవ్యమును ఉన్నంతకాలము ఎవరును తిండికొరకు క్రీస్తు నామము ధరించరాదని ఆ నిర్ణయము. మన పల్లెలలో నేటికిని మన మీద పడు నింద ఒకటి కలదు గదా, గింజలకొరకు మతము మార్చుకొన్నారని. ఆ నిందకు ప్రత్యుత్తరము 1877లోనే వ్రాయబడియున్నది. ఆ రిజిస్టరులోని ఖాళీ పుటలే ఆ ప్రత్యుత్తరము.

అయితే క్లౌ దొరగారి కఠినత్వమును మాత్రమే మెచ్చుకొని ఊరకుండుట నాకు ఇష్టము లేదు. నిర్ణయము చేయుట ఒకరికి సులభమే. దానిని మోసినవారు ఇతరులు. రేపు కలరా తగిలిన బాప్తిస్మము లేకుండగనే చనిపోవుదుమేమో అని భయపడిన తల్లులున్నారు. పల్లె పల్లెకు వెళ్లి "ఇంకను కాదు, కొంచెము ఆగుడి" అని చెప్పలేక చెప్పిన ఉపదేశులున్నారు. వారిలో అనేకుల పేర్లు ఏ సంచికలోను అచ్చుకాలేదు. మన తెలుగు బైబిలు మనకు ఇచ్చిన మాట "నిరీక్షణ". లోకవ్యవహారములో ఆ మాటకు ఎదురుచూచుట అని అర్థము. సంఘములో భవిష్యత్తును గూర్చిన నమ్మకమని అర్థము. ఆ పదునైదు నెలలలో ఈ రెండు అర్థములు వేరు కాలేదు.

1878లో పంట చేతికి వచ్చెను, సహాయము ముగిసెను. జనసందోహము పట్టణములో చేరకుండునట్లు ఒంగోలుకు కొంత దూరమున, గుండ్లకమ్మ నది దగ్గర వెల్లంపల్లిలో ఉపదేశులను కలిసికొందుమని క్లౌ దొరగారు కబురంపిరి. కబురు వెళ్లినది ఉపదేశులకు, వచ్చినది జనసమూహము. ఇక పంచుటకు డబ్బు లేదని ఆయన చెప్పగా, మాకు డబ్బు వద్దు, మా చేతుల బొబ్బలు చూడుము, పనిచేసి బ్రతికితిమి, మరల కరువు వచ్చి చచ్చినను క్రైస్తవులుగా చచ్చెదము అను భావముతో వారు జవాబిచ్చిరని మిషను చరిత్రలో వ్రాయబడియున్నది. జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మమీయబడెను. ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచిరి. 2,222 అను సంఖ్యను ప్రతి సంచికయు అచ్చువేయును. నాకు మాత్రము దానికంటె పదునైదు అను సంఖ్య గొప్పది.

ఇట్టి గుర్తులు తెలుగు సంఘములో ఇంకను ఉన్నవి. పోస్నెట్ దొరగారి కాలములో మెదకు మందిరము కట్టబడి 1924 క్రిస్మస్ దినమున ప్రతిష్ఠింపబడినది. కరువు దినములలో కూలివారికి ఆ కట్టుబడియే తిండి పెట్టినదని అక్కడివారు చెప్పుకొందురు. దోర్నకల్ అధ్యక్షులైన అజరయ్యగారి సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు దేవుని కొరకు ప్రక్కన పెట్టుచుండిరి. ఈ పిడికెడు బియ్యపు ఆచారమును మనమును ఎరుగుదుము. తమకే చాలని కుండలో నుండి తీసిన పిడికెడు అది. ధనవంతుని చందాకు రసీదు ఉండును, దీనికి ఉండదు.

ఇక మన మాట. తుంగభద్ర దిగువ కాలువ వచ్చినది, కొన్ని పల్లెలు పచ్చబడినవి. కాలువ అందని పల్లెలు వాననే నమ్ముకొనియున్నవి. ధాత కరువు మరల రాలేదు. దాని స్థానములో సుగ్గి వచ్చినది. కన్నడములో సుగ్గి అనగా పంటకోత కాలము, సంతోషపు మాట. మన కోసిగి, కౌతాళము, హొళగుంద ప్రాంతములలో సుగ్గికి పోవుట అనగా ఇల్లు విడిచి వలసపోవుట. దసరాకు దేవరగట్టు మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవము ముగిసి, దీపావళి దాటిన పిమ్మట లారీలు, ట్రాక్టర్లు వరుసకట్టును. తెలంగాణకు ప్రత్తి తీయుటకు, గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకు, బెంగుళూరుకు కట్టుబడి పనులకు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే లారీలో పోవుదురు. క్రిస్మస్ నాటికి గుడిలో చాపలు పరచినను కూర్చుండువారు ముసలివారు, పసిపిల్లలు. ఉగాదికో ఆ తరువాతనో గాని మనుష్యులు తిరిగి రారు.

కరువువలన బేత్లెహేము విడిచి మోయాబుకు వలసపోయిన నయోమి కథను మన ఆడవారు వినునప్పుడు వారి ముఖములు చూడవలెను. బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు. రొట్టెల ఇంటిలోనే రొట్టె లేకపోయిన సంగతి వారికి వ్యాఖ్యానము లేకుండగనే అర్థమగును. వలసపోయినందుకు దేవుడు నయోమిని విడువలేదు. వలసపోయిన కుటుంబములను "ఆరాధన మానినవారు" అని రిజిస్టరులో గుర్తుపెట్టు అలవాటు కొన్నిచోట్ల యున్నది. అది తప్పు అని నేను స్పష్టముగా చెప్పుచున్నాను.

ఒక ఫిబ్రవరి మాసములో మా సంఘమువారిని చూచుటకు గుంటూరు జిల్లా పొలములకు పోయితిని. పరదాలతో వేసిన గుడిసెలు, రాళ్ల పొయ్యిలు. చీకటి పడిన తరువాత ప్రార్థన పెట్టితిమి. ఊరిలో మిగిలిన పిల్లల పేర్లు ఎత్తి ప్రార్థించునప్పుడు తల్లులు ఏడ్చిరి. మిరపకాయ కోసిన చేతులతో కన్నులు తుడుచుకొనరాదు. అందరును మోచేతి మీది రవికతోను, భుజముతోను తుడుచుకొనుచుండిరి. వెల్లంపల్లిలో చూపిన బొబ్బలు నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినవి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక పెద్దాయన నన్ను అడిగెను: "అయ్యగారూ, ఈడ మా పేర్లు రాసుకునేవాళ్లు ఎవరూ లేరు. మన పుస్తకంలోనే రాయండి, ఈ పొద్దు ఆరాధన జరిగిందని." తిరిగి వచ్చి, ఆ తేదీకి ఎదురుగా, మిరప చేనులో ఆరాధన అని వ్రాసి, హాజరైనవారి సంఖ్య వేసితిని.

అట్లు వ్రాయుటకు నియమావళి ఒప్పునా అని ఒక సోదర కాపరి అడిగెను. ఒప్పునో లేదో మండలి పెద్దలు తేల్చవచ్చును. నా విన్నపము ఇంకొకటి కలదు. పూర్వము ఒక ఊరి సంఘస్థుడు మరియొక ఊరికి పోవునప్పుడు కాపరి చేతి ఉత్తరము తీసికొనిపోవుచుండెను. సుగ్గికి పోవు ప్రతి కుటుంబము చేతికి అట్టి ఉత్తరమిచ్చి పంపుదము. ఏ ఊరి పొలము, ఏ మేస్త్రీ వెంట, ఎందరు, పిల్లలు వెంట ఉన్నారా లేక ఊరి సీజనల్ హాస్టలులో ఉన్నారా, ఇవన్నియు అందులో ఉండవలెను. గుంటూరు వైపు కాపరులు ఆదివారము సాయంకాలమైనను ఆ గుడిసెలకు వెళ్లగలరు. ఊరిలో మిగిలిన ముసలివారి కొరకు పిడికెడు బియ్యపు కుండను ఆ అయిదు నెలలు వేరుగా పెట్టుదము. ఈ యేడు దసరా సెలవులకు ముందే ఉత్తరముల నమూనా అచ్చు వేయించవలెను. దీపావళి దాటిన తరువాత లారీలు మనకొరకు ఆగవు.