ఛాయాచిత్రమున ఒక తమ్ముడు

ఢిల్లీలోని సరోజినీ నగర్ నేడు అంగళ్లకు ప్రసిద్ధము. ఆ పేరు సరోజినీ నాయుడుదని యెరిగినవారు సైతము ఆమె తమ్ముని యెరుగుట అరుదు. 1917లో, తటస్థ రాజ్యమైన స్వీడన్‌లో, స్టాక్‌హోం నగరమున తీసిన ఛాయాచిత్ర మొకటి కలదు. అందలి యిద్దరిలో ఒకరు మద్రాసు విప్లవకారుడు ఎం.పి.టి. ఆచార్య, రెండవవారు వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడు. సోషలిస్టుల సమావేశయత్నము సాగుచున్న ఆ నగరమున భారత స్వాతంత్ర్యవాదమును వినిపించుటకై వారు వచ్చిరి.

ఇంటిపేర్లు చూచినచో బంధుత్వము తెలియదు. 1898లో గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడుటచే సరోజిని పుట్టినింటి పేరు మరుగుపడెను. ఇరువురును హైదరాబాదున, నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాలు అఘోరనాథుని యింట పుట్టినవారే. అక్క 1879లో, తమ్ముడు 1880లో.

1914లో ప్రపంచయుద్ధము రాగా ఆ యిల్లు రెండు దారులు పట్టెను. లండనులో అక్క సైనికులకు దుస్తులు కుట్టించు సేవలో పాల్గొనెను. గాంధీజీ ఆత్మకథయే యిందుకు సాక్ష్యము. మరుసటి యేట పరదేశమున నేలకొరగిన భారత సైనికులపై ఆమె కవిత వ్రాసెను. తమ్ముడో, బెర్లిన్ సమితిలో నుండి, ఆ సైనికులనే బ్రిటిషువారిపై తిరుగబడుడని ప్రేరేపించు ప్రయత్నములలో మునిగియుండెను. ఇందెవరు దేశభక్తులని తీర్పుచెప్పుట తొందరపాటు. జలియన్‌వాలాబాగు తరువాత అక్కయు ప్రభుత్వ మొసగిన కైజర్-ఇ-హింద్ పతకమును తిప్పి పంపెను.

కడపటి తమ్ముడు హరీంద్రనాథుడు 1952లో విజయవాడనుండి లోక్‌సభ కెన్నికయ్యెను. 1902లో చదువుకై ఇంగ్లండు వెళ్లిన వీరేంద్రనాథుడు మాత్రము స్వదేశమునకు మరలి రాలేదు. 1937లో స్టాలిన్ ప్రభుత్వము ఆయనను నిర్బంధించి కాల్చిచంపెను.