పర్యవేక్షణ: ఒక పెద్ద మాట, దాని వెనక చరిత్ర

ఈసారి మన మాట "పర్యవేక్షణ". చూడటానికి పెద్దది, విడదీస్తే సులువు. "పరి" అంటే చుట్టూ. "అవేక్షణ" అంటే శ్రద్ధగా చూడటం. అంటే ఒక పనిని అన్ని వైపుల నుంచి చూసుకోవడం. అమెరికా ఆసుపత్రుల్లో ఈ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది.

1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి మొదలైంది. అక్కడ విలియం ఆస్లర్ అనే పెద్ద డాక్టరు గారు విద్యార్థులకు రోగి మంచం పక్కనే పాఠం చెప్పేవారు. చదువు పూర్తయిన చిన్న డాక్టర్లు ఆసుపత్రిలోనే నివసిస్తూ పని నేర్చుకునేవారు. అందుకే వాళ్ళకి రెసిడెంట్లు అని పేరు. ఈ పద్ధతి దేశమంతా వ్యాపించింది. కానీ ఆస్లర్ లాంటి గురువులు అన్ని చోట్లా ఉండరు కదా! మంచి డాక్టరు మంచి గురువు కూడా అవుతాడని చాలామంది నమ్మారు.

1950లలో బఫెలో విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ అనే డాక్టరు ఈ నమ్మకాన్ని ప్రశ్నించారు. వైద్యం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మరి నేర్పడం ఎలాగో ఎవరు నేర్పుతారు? అందుకని ఆయన వైద్య అధ్యాపకులను, బోధన గురించి చదివిన పండితులను ఒక చోట చేర్చారు. పాఠం చెప్పేవాళ్ళే మళ్ళీ విద్యార్థులయ్యారు.

అయినా వార్డుల్లో రాత్రులు పెద్దగా మారలేదు. 1984 మార్చిలో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రికి వచ్చింది. కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసింది శిక్షణలో ఉన్న డాక్టర్లు. పెద్ద డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడారు కానీ ఆయన అక్కడ లేరు. ఆమె తండ్రి పత్రికల్లో రాసేవారు. ఆయన ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు.

బెర్ట్రాండ్ బెల్ అనే డాక్టరు అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. దాని సలహాతో 1989లో న్యూయార్క్ రాష్ట్రం రెండు విషయాలు చెప్పింది. ఒకటి, రెసిడెంట్లకు వారానికి 80 గంటలకు మించి పని ఉండకూడదు. రెండు, అనుభవం ఉన్న డాక్టర్ల పర్యవేక్షణ తప్పకుండా ఉండాలి. 2003లో 80 గంటల హద్దు దేశమంతటికీ వచ్చింది.

జనానికి 80 అనే అంకె గుర్తుండిపోయింది. రెండో మాట వెనకబడింది. కానీ గంటల కంటే పర్యవేక్షణే ముఖ్యమని బెల్ గారు తర్వాత కూడా చెబుతూ వచ్చారు. గంటలను గడియారం లెక్కపెడుతుంది. పర్యవేక్షణను ఎవరు లెక్కపెడతారు? రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే పెద్దాయన విసుక్కుంటారేమో అని చిన్న డాక్టరు భయపడితే, నష్టం రోగికే. "సందేహం ఉంటే పిలువు, నేను వస్తాను" అని ముందే చెప్పడం, "నువ్వు ఏమనుకుంటున్నావు, ఎందుకు?" అని ఓపికగా అడగడం కూడా నేర్చుకోవలసిన పనులే.

మన తెలుగు కుటుంబాల్లో రెసిడెన్సీ చేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఈసారి కలిసినప్పుడు ఎన్ని గంటలు పని చేశావని మాత్రమే అడగకండి. "రాత్రి నువ్వు పిలిస్తే ఎవరు వస్తారమ్మా?" అని తెలుగులో అడిగి చూడండి.