నొప్పి తెలియని పాదాల కోసం పుట్టిన చెప్పు

1950ల తొలినాళ్లలో ఒక రాత్రి. లండన్ హోటల్ గదిలో మేజోళ్లు విప్పుతున్న డాక్టర్ పాల్ బ్రాండ్‌కు మడమ మొద్దుబారినట్టు అనిపించింది. సూది తీసి గుచ్చుకున్నారు. రక్తం వచ్చింది, నొప్పి రాలేదు. ఏళ్ల తరబడి కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన సర్జన్‌కు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తనకూ అంటుకుందనుకొని రాత్రంతా జాగారం చేశారు. తెల్లవారాక మళ్లీ గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంది! ముందురోజు రైల్లో గంటల తరబడి కదలకుండా కూర్చోవడంతో నరం నొక్కుకుపోయిందంతే. మడమ నొప్పెట్టినందుకు దేవుడికి దండం పెట్టుకున్న మనుషులు అరుదు.

మన ఇళ్లలో సంగతి వేరు. మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు పోటు. నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. సుశ్రుతుడు వాతకంటకమన్నాడు, మనం మడమ శూల అంటాం. వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించడం పల్లెటూరి వైద్యం. ఎముకల డాక్టరేమో ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పులు వేసుకోమంటారు. చెప్పులతో పొయ్యి దగ్గరకా! చాలామంది పెద్దవాళ్లకు ఆ మాట మింగుడుపడదు. కానీ గ్రానైట్ నేల మీద ఉత్తకాళ్లతో వంట ఎన్నాళ్లు చేస్తారు? చివరికి వంటింటి గడప దగ్గర ఓ జత వెలుస్తుంది.

ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బర్, సన్నటి గాలి బుడగలు నింపుకున్న మెత్తటి రబ్బరు. దాన్ని మన పాదాల దాకా తెచ్చిన కథ వేలూరులో మొదలవుతుంది. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన బ్రాండ్, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు సోకితే మాంసం కుళ్లి రాలిపోతుందని అప్పట్లో నమ్మేవారు. ఒకరోజు తుప్పుపట్టిన తాళం రాక ఆయన తంటాలు పడుతుంటే, రోగుల్లో ఒక పిల్లవాడు వచ్చి తాళంచెవి ఇట్టే తిప్పేశాడు. నేల మీద రక్తపు చుక్కలు! వాడి వేలు ఎముక దాకా తెగింది, వాడికి ఆ సంగతే తెలియదు. పోయింది స్పర్శేనని ఆయనకు అర్థమైంది. చెప్పులో రాయి దూరితే మనం కుంటుతాం. స్పర్శ పోయినవాడు పుండు పడేదాకా ఆ రాయి మీదే నడుస్తాడు.

ఆ పాదానికి చెప్పే కాపలా కాయాలి. బ్రాండ్, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చిన చెప్పుకు పైన బరువును పాదమంతా పంచే ఎంసీఆర్ పొర, కింద ముల్లు దిగని గట్టి అడుగు. మేకులు కొట్టకూడదు, ఊడి గుచ్చుకున్నా తెలియదు గనుక. కాలి నుంచి జారిపోయినా తెలియదు కాబట్టి మడమ వెనక పట్టీ. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, షుగర్ రోగుల పాదాలకూ ఈ పాఠమే పనికొస్తుందని ఆయన చూపించారు.

ఇంత ఆలోచించి చేసిన చెప్పును వేసుకోవడానికి మన దేశంలో కుష్ఠు రోగులు జంకారు. ఆ చెప్పు చూస్తే చాలు, వీధిలో అందరికీ జబ్బు తెలిసిపోయేది. రంగులూ రూపమూ మార్చి, మామూలు చెప్పుల్లా కనిపించేలా చేయాల్సి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో అదే పేరు అడిగి మరీ కొంటున్నారు.

మెత్తనివన్నీ ఎంసీఆర్ కావు. బొటనవేలితో నొక్కి వదిలితే రబ్బరు వెంటనే పైకి లేవాలి. మడమ శూలకైతే అరికాలి వంపు దగ్గర కాస్త ఎత్తున్న జత మేలు. పిక్కలు సాగదీసే వ్యాయామం మానేసి చెప్పు మీదే భారం వేస్తే లాభం లేదు. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం వెనక పట్టీ ఉన్నదే అడిగి తీసుకోండి. కాలు పెట్టే ముందు లోపల రాయి ఉందేమో రోజూ చేత్తో తడిమి చూసుకోండి.