రైసినా గుట్ట ఎక్కుతుంటే

ఖమ్మం జిల్లా క్వారీలో తీసిన 280 టన్నుల నల్లరాయి ఒకటి 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు ప్రయాణించి ఢిల్లీ చేరింది. దాన్ని చెక్కితే 28 అడుగుల నేతాజీ అయింది. 2022 సెప్టెంబరు నుంచి ఆ విగ్రహం ఇండియా గేట్ వెనక రాతి మండపంలో నిలబడి ఉంది. ఒకప్పుడు అదే మండపంలో ఐదో జార్జి విగ్రహం ఉండేది. 1968లో దాన్ని తీసేశారు.

న్యూఢిల్లీ చూడటానికి వెళ్లే మనవాళ్లు ఇక్కడ నాలుగు ఫొటోలు దిగి కారెక్కేస్తారు. మళ్లీ దిగేది రాష్ట్రపతి భవన్ ముందే. మధ్యలో ఉన్న సుమారు మూడు కిలోమీటర్ల కర్తవ్యపథ్‌ను మాత్రం కాళ్లతో చూడాలి.

పడమరకు నడుస్తుంటే రాష్ట్రపతి భవన్ గుమ్మటం ఎదురుగా పిలుస్తున్నట్టే ఉంటుంది. విజయ్ చౌక్ దగ్గరపడేసరికి వింత మొదలవుతుంది. దగ్గరయ్యేకొద్దీ పెద్దదవ్వాల్సిన భవనం నేలలోకి కుంగిపోతుంది! ముందు స్తంభాలు మాయం, ఆ తర్వాత గోడలు. చివరికి గుమ్మటం పైభాగం మాత్రం మిగులుతుంది. ఏటవాలు ఎక్కితే అంతా మెల్లగా మళ్లీ పైకి లేస్తుంది.

ఇది ఇద్దరు స్నేహితుల మధ్య చిచ్చు పెట్టిన వాలు. కలకత్తా నుంచి రాజధానిని మారుస్తున్నట్టు 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ప్రకటించాక, వైస్రాయ్ భవనం ఎడ్విన్ లుట్యెన్స్‌కు, సచివాలయాలు హెర్బర్ట్ బేకర్‌కు అప్పజెప్పారు. సచివాలయాలు కూడా గుట్ట మీదే ఉండాలని బేకర్ పట్టుబట్టాడు. సరేనని లుట్యెన్స్ తన భవనాన్ని వెనక్కి జరుపుకున్నాడు. వాలు తన భవనాన్ని మింగేస్తుందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మార్చాలంటే ఖర్చవుతుందని ప్రభుత్వం ఒప్పుకోలేదు. నెపోలియన్‌కు వాటర్లూలాగా తనకిది ‘బేకర్లూ’ అని ఆయన వాపోయాడు.

ఆ గుట్ట ఖాళీ నేలేమీ కాదు. రైసినా, మాల్చా గ్రామాల భూములను 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. మాల్చా పేరు ఇప్పుడొక రోడ్డుకు, ఒక మార్కెట్టుకు మిగిలింది. రాజధాని కోసం పొలాలు ఇవ్వడమంటే ఏమిటో తెలిసిన తెలుగువాళ్లు ఈ ఊళ్ల పేర్లు మరచిపోకూడదు.

ఇంతా చేసి 1931 ఫిబ్రవరిలో ప్రారంభించిన నగరాన్ని బ్రిటిష్‌వాళ్లు పదహారేళ్లు మాత్రమే ఏలుకున్నారు. సామ్రాజ్యం దర్పం చాటడానికి కట్టిన 340 గదుల భవనంలోకి 1977లో అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా అడుగుపెట్టారు.

తిరుగు నడకలో ఇండియా గేట్ పక్కనే హైదరాబాద్ హౌస్ కనిపిస్తుంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం లుట్యెన్స్ సీతాకోకచిలుక ఆకారంలో గీసిన ప్యాలెస్ అది. ఇప్పుడు విదేశీ నేతలతో ప్రధాని చర్చలు జరిపేది అందులోనే కాబట్టి బయటి నుంచే చూడాలి. దాన్ని ఆనుకొని ఉన్న ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు. వేడన్నంలో పప్పు, పొడి, నెయ్యి కలుపుకుంటుంటే పక్క బల్ల మీద ఢిల్లీవాళ్లు కూడా అదే పని చేస్తుంటారు.

రాష్ట్రపతి భవన్ లోపల చూడాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. చలికాలం సాయంత్రం ఎంచుకోండి. విజయ్ చౌక్ దగ్గర మాత్రం కారు ఎక్కకండి, పిల్లల చెయ్యి పట్టుకుని గుట్ట నడిచి ఎక్కండి.