నోటి క్యాన్సర్ కిడ్నీకి పాకుతుందా? అరుదే.. కానీ గడ్డ కనిపిస్తే బయాప్సీ తప్పదు

నోటి క్యాన్సర్ అనగానే డాక్టర్లు ముందు తడిమి చూసేది మెడనే. నాలుక, బుగ్గ, చిగుళ్లలో పుట్టిన క్యాన్సర్ కణాలు సాధారణంగా మొదట మెడలోని లింఫు గ్రంథుల్లోకి చేరతాయి. ఇంకా దూరం పోతే ఊపిరితిత్తులు, ఎముకలు, లివర్. కిడ్నీ దాకా వెళ్లడం మాత్రం చాలా అరుదు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అయినా ఇలాంటి కేసు దొరికితే వైద్య పత్రికల్లో విడిగా రాసుకుంటారంటే ఎంత అరుదో అర్థం చేసుకోవచ్చు.

కోనసీమకు పొగాకు కొత్తేం కాదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకే పేరు. ఇక నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎక్కువ. అక్కడ 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించిన పిండ్‌బోర్గ్ బృందం, అంగిట్లో అడ్డపొగ తెచ్చే మార్పులపై 1971లో అధ్యయనం ప్రచురించింది. నోట్లో మచ్చ, మానని పుండు దగ్గరే పట్టుకుంటే కిడ్నీ దాకా మాటే రాదు.

మరి నోటి క్యాన్సర్‌కి ట్రీట్‌మెంట్ అయ్యాక కిడ్నీలో గడ్డ కనిపిస్తే? చాలాసార్లు లక్షణాలేవీ ఉండవు. కొందరికి మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి. రాళ్లున్నా ఇవే వస్తాయి కాబట్టి చాలామంది పట్టించుకోరు. పెట్ స్కాన్‌లోనూ ఓ చిక్కుంది. స్కాన్ కోసం ఎక్కించే మందు మూత్రంలోనే బయటికి పోతుంది. దాంతో కిడ్నీలు మామూలుగానే వెలుగుతాయి, చిన్న గడ్డ ఆ వెలుగులో దాగిపోవచ్చు. అనుమానం ఉంటే కాంట్రాస్ట్ సీటీ తీస్తారు.

అసలు ప్రశ్న తర్వాత వస్తుంది. ఆ గడ్డ నోటి నుంచి వచ్చిందా, కిడ్నీలోనే కొత్తగా పుట్టిందా? కిడ్నీలోనే పుట్టి అక్కడికే పరిమితమైతే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది. నోటి నుంచి పాకిందంటే మాత్రం నాలుగో స్టేజీ. అప్పుడు కీమో, ఇమ్యునోథెరపీ లాంటివి ఆలోచిస్తారు. రెండు దారులూ వేరు. స్కాన్ చూసి తేల్చేది కాదిది, బయాప్సీ చేయాల్సిందే. నోటి క్యాన్సర్‌లో ఎక్కువగా ఉండేవి స్క్వామస్ కణాలు. ఏళ్ల తరబడి రాళ్లున్న కిడ్నీలోనూ అరుదుగా ఇదే రకం పుడుతుంది. అందుకే పాథాలజిస్టులు పాత నోటి బయాప్సీ స్లైడ్లతో పోల్చి చూస్తారు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి ఆపరేషన్‌కి కాకినాడో, రాజమహేంద్రవరమో, విశాఖో వెళ్లేవాళ్లే ఎక్కువ. తర్వాత చెకప్ ఇంకోచోట. అలాంటప్పుడు డిశ్చార్జ్ కాగితంతో పాటు పాత స్లైడ్లు, బ్లాకులు కూడా ఆస్పత్రిని అడిగి తీసుకెళ్లాలి.