సాంచా పుల్లీయు గ్రాఫిక్స్ కార్డును

సిరిసిల్లలో మరమగ్గమును ఆ పేరుతో పిలుచువారు అరుదు. అక్కడివారి నోట అది సాంచా. రేకుల కప్పు క్రింద ఇరువది సాంచాలు ఒక్కమారుగా టకటకలాడుచుండగా, చెవి దగ్గర నోరుంచి అరచినగాని మాట వినరాని ఒకానొక షెడ్డులో, ఎండ నడినెత్తి కెక్కిన వేళ, సాంచాలను సరిచేయు నెరసిన మీసముల జాబరు ఒకడు సాంచా నొకదాని నాపి, మోటారు పుల్లీని విప్పి, దానికంటె అర అంగుళము పెద్దదగు పుల్లీని తొడుగుచుండగా చూచితిని. మోటారు నిమిషమునకు 960 చుట్లు తిరుగునదియు, దాని పుల్లీ రెండున్నర అంగుళములదియు, సాంచా చక్రము 18 అంగుళములదియు ననుకొన్నచో, నాడె నిమిషమునకు 133 పర్యాయములు పడుగు నడుమ పరుగెత్తును. పుల్లీ 3 అంగుళములదైనచో ఆ లెక్క 160 అగును. మోటారు అదే, సాంచా అదే, నడిపించువాడును అతడే. మారినది గుప్పెటిలో ఇముడు ఇనుపముక్క యొక్కటి. అయినను జాబరు అంతటితో చేతులు దులుపుకొని పోలేదు. సాంచాను నడిపించి, చాయ త్రాగి వచ్చునంత సేపు తాళి, మోటారు వీపుపై అరచేయి ఆనించి, పెదవులు కదలించుచు అంకెలు లెక్కపెట్టెను.

“పది దాంక చెయ్యి ఆగితే నడుస్తది సారూ. ఆగకుంటే పాత పుల్లే ఎక్కియ్యాలె,” అనెను.

కోరుట్లలో మా మేనల్లుడు తన కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డునకు చేయదలచిన పనియు ఇదియే. వాడు దానిని ఓవర్‌క్లాకింగ్ అనును. పగలు పెండ్లి వీడియోలు కూర్చుట, రాత్రి ఆటలాడుట వాని వ్యాపకములు. ఈ సీమలో గ్రాఫిక్స్ కార్డులతో పనియేమని నవ్వువారు మల్యాల మండలపు లంబాడిపల్లిని తలచుకొనవలెను. ‘మై విలేజ్ షో’ పేర గంగవ్వను లోకమునకు పరిచయము చేసిన వీడియోలు వెలువడినది ఆ చిన్న పల్లెనుండియే కదా.

కార్డులోని చిప్పు ఒక తాళమును అనుసరించి పనిచేయును. సెకనుకు ఇన్ని దెబ్బలని తయారుచేసినవాడు నిర్ణయించిన ఆ తాళమును కొన్నవాడు తన చేతితో హెచ్చించుటయే ఓవర్‌క్లాకింగ్. ఈ విద్య పుట్టినది గ్రాఫిక్స్ కార్డులతో గాదు. 1984లో ఐబీఎం సంస్థ వెలువరించిన పీసీ ఏటీ యను యంత్రములో ఇంటెల్ వారి 80286 ప్రాసెసరు 6 మెగాహెర్ట్‌జుల వేగమున నడచెడిది. దానికి తాళము వేయునది 12 మెగాహెర్ట్‌జుల స్ఫటికము. అందులో సగము ప్రాసెసరునకు చేరెడిది. ఆ స్ఫటికమును టంకముతో అతుకక సాకెట్టులో గ్రుచ్చి యుంచుటచే, దానిని ఊడబెరికి 16 మెగాహెర్ట్‌జుల స్ఫటికమును గ్రుచ్చినవారికి యంత్రము 8 మెగాహెర్ట్‌జులతో పరుగెత్తెడిది. సిరిసిల్ల జాబరు చేసినది సరిగా ఇదియే. ఐబీఎం వారు దీనిని సహింపలేదు. తరువాతి యంత్రములు మేలుకొన్న వెంటనే తమ వేగమును తామే కొలుచుకొని, అది హెచ్చుగానున్నచో ముందునకు నడువ నిరాకరించునట్లు, యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రామగు బయోస్‌ను మార్చిరి. సాంచాను అమ్మినవాడు కొన్నవాని ఇంటికి వచ్చి ఏ పుల్లీ తొడుగవలెనో శాసించుట వంటిదిది.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు ఈ విద్య కొందరి రహస్యముగా నుండుట మానినది. 300 మెగాహెర్ట్‌జుల పేర అమ్ముడుపోయిన ఆ చవుక ప్రాసెసరు, దానిని తక్కిన యంత్రముతో కలుపు బస్సు అను త్రోవ వేగమును 66నుండి 100కు మార్చినంతనే, 450 వద్ద నిలకడగా నడచెడిది.

మరి ఈ మిగులు ఎచ్చటనుండి వచ్చినది? ఒకే సిలికాన్ బిళ్ళనుండి కోసిన చిప్పులన్నియు, ఒకే లాటు నూలుకండెలవలెనే, సమానముగా నుండవు. తయారీదారు అట్టమీద ముద్రించు వేగము అందులో బలహీనమైనదియు, మిక్కిలి వేడి గదిలో, కొంత చెడిన కరెంటుతో, కొన్ని ఏండ్లు వాడిన పిమ్మటను నిలుపుకొనగల వేగము. కనుక బలమైన చిప్పు తన శక్తిలో కొంత దాచుకొనియే మన చేతికి వచ్చును. ఓవర్‌క్లాకింగ్ చరిత్ర యంతయు ఈ దాపుడుసొమ్ము ఎవరిదను తగవులాటయే యని నా అభిప్రాయము.

గ్రాఫిక్స్ కార్డులలో ఆ సొమ్ము మొదట ధారాళముగా నుండెను. 1996 నాటి త్రీడీఎఫ్‌ఎక్స్ వూడూ 50 మెగాహెర్ట్‌జుల కార్డు; దానిమీద ఫ్యాను మాట అటుంచి, అల్యూమినియపు రెక్కలైనను లేవు. 1999లో ఎన్‌విడియా జీఫోర్స్ 256ను 120 మెగాహెర్ట్‌జులతో విడుదల చేసి, దానికి జీపీయూ అని పేరుపెట్టి చాటుకొనెను. ఆ కాలముననే రష్యా దేశీయుడగు అలెక్సీ నికొలాయ్‌చుక్ రచించిన రివాట్యూనర్ అను ప్రోగ్రాము వచ్చినది; స్ఫటికము పెరుకుట, టంకము వేయుట అను గొడవ లేక, తెరమీది గీటును ఎలుకతో జరిపి వేగమును మార్చు సౌకర్యము దానివలన అందరికి అబ్బినది. నేడు మా వాని కంప్యూటరులోనున్న ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఆ రివాట్యూనరుపై కట్టినదే. గ్రాఫిక్స్ కార్డు పనియు ఒకవిధమైన నేతయే: 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరను సెకనుకు 60 మార్లు నింపుటయన 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించుట. 1804లో జక్వార్డ్ మగ్గమునకు కట్టిన చిల్లుల అట్టలే బాబేజి గణనయంత్రపు ఊహకు దారిచూపినవని తెలిసినవారికి ఈ పోలిక వింతగా తోపదు.

ఇక ఆయుర్దాయము సంగతి. వేగము తనంతట తాను కార్డును చంపదు. చంపునవి వేడిమియు వోల్టేజియు. చిప్పులోని సూక్ష్మమైన లోహపు తీగలగుండ ప్రవహించు ఎలక్ట్రానులు, మానేరు వరద ఇసుకను నెట్టుకొనిపోయినట్లు, లోహపు పరమాణువులను కొంచెము కొంచెముగా త్రోసికొనిపోవును; ఒకచోట గుంట, ఒకచోట మేట ఏర్పడి, ఒకనాడు తీగ తెగును. మోటరోలా సంస్థకు చెందిన జేమ్స్ బ్లాక్ దీనికి 1969లో ప్రకటించిన సమీకరణము ప్రకారము తీగలోని ప్రవాహసాంద్రత రెట్టింపైనచో ఆయువు నాలుగవ వంతునకు దిగును. వేడిమి పెరిగినకొలది అంతకంటె వడిగా క్షీణించును. పైగా చిప్పు త్రాగు విద్యుత్తు వేగముతో సూటిగా పెరుగగా, వోల్టేజితో దాని వర్గము చొప్పున పెరుగును: వోల్టేజిని నూటికి పది పెంచినచో విద్యుత్తు నూటికి ఇరువదియొకటి పెరుగును. పుల్లీ మార్చుట వేరు, మోటారునకు అధిక వోల్టేజి పెట్టుట వేరు. మొదటిది పోగు తెంపును, రెండవది మోటారును కాల్చును.

వేడెక్కుట చల్లారుటల వలన కలుగు చేటు మరియొకటి. 2008లో ఎన్‌విడియా ల్యాప్‌టాప్ చిప్పులు కొన్ని అసాధారణముగా చెడిపోగా, బలహీనమైన ప్యాకేజి సామగ్రి కారణమని చెప్పుచు, ఆ సంస్థ 15 నుండి 20 కోట్ల డాలర్లు ప్రక్కన పెట్టవలసివచ్చినది. రోజునకు పలుమార్లు కాగి చల్లారుటచే చిప్పునకును దాని పీటకును నడుమనున్న టంకపు బొడిపెలు చిట్లినవి.

ఈ విజ్ఞానమంతయు తలకెక్కిన తయారీదారులు 2012లో ఆటను మార్చివేసిరి. ఆ మార్చిలో వచ్చిన జీటీఎక్స్ 680 అను ఎన్‌విడియా కార్డు 1006 మెగాహెర్ట్‌జుల మూలవేగమునుండి, వేడిమియు విద్యుత్తును కొలుచుకొనుచు, అవకాశమున్నంతవరకు తనంతట తానే పైకెగబ్రాకెడిది. దాపుడుసొమ్ము యజమాని చేతికి అందకమునుపే యంత్రము ఖర్చుపెట్టుచున్నదన్నమాట. నేటి కార్డులలో చేతితో పెంచుటకు మిగిలినది స్వల్పము; ఆ స్వల్పము కొరకు వోల్టేజి పెంచుట నా దృష్టిలో తెలివితక్కువ.

మా ప్రాంతమున దీనికి ఋతుబాధ ఒకటి తోడగును. చల్లని గదిలో 25 డిగ్రీల గాలితో పరీక్షించినప్పుడు 70 చూపు కార్డు, మే మాసమున జగిత్యాలలో గది 42 ఉన్నప్పుడు 87 చూపును; గాలికంటె 45 డిగ్రీలు పైన నుండుట దాని స్వభావము. పుష్యమాసపు వేకువను నిలిచిన వేగము రోళ్లు పగులు రోహిణికార్తెలో నిలువదు. కనుక పరీక్ష చేయవలసినది ఎండాకాలపు మధ్యాహ్నముననే. ధూళి సంగతి సరేసరి. మా వాడు సిరిసిల్లలో ఒక ఇంటినుండి పాతది కొని తెచ్చిన ఆ కార్డును జగిత్యాల పాతబస్టాండు దాపున నొక మరమ్మతు పనివాడు విప్పినప్పుడు, అల్యూమినియపు రెక్కల నడుమ తెల్లని పీచు చాపవలె పేరుకొని యుండెను. పట్టుకారుతో లాగగా అది చినిగిపోక, నేసిన గుడ్డ ముక్కవలె ఒక్కటిగా ఊడివచ్చెను. కోరుట్లలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు ఇండ్లలోనైనచో అదే తావున పొగాకు పొడి చేరును. బ్రష్షుతో తుడుచునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో అదిమి పట్టవలెననియు, చిప్పు వేడిమిని రెక్కలకు చేర్చు పేస్టు ఎండియున్నందున దానిని తీసి క్రొత్తది పూయవలెననియు ఆ పనివాడు చెప్పెను. ఈ ఒక్క పనితోనే వేడిమి పదునొకండు డిగ్రీలు దిగినది.

తరువాత కోరుట్లలో మా వాడు వేగమును 15 మెగాహెర్ట్‌జుల చొప్పున పెంచుచు, ప్రతి మెట్టునందు అరగంట భారము మోపి చూచెను. ఏడవ మెట్టున తెరమీద ఆకుపచ్చ గళ్లు మెరసినవి. రెండు మెట్లు వెనుకకు దిగెను. కార్డులోని మెమరీ వేగమును పెంచు విషయమున మాత్రము కన్ను మోసపోవును: జీడీడీఆర్5 అను తరము మొదలుకొని మెమరీకి త్రోవలో జరిగిన తప్పును పసిగట్టి తిరిగి పంపు ఏర్పాటున్నది గనుక, వేగపు అంకె పెరుగుచునే యుండి పని తగ్గుచుండును. “మామా, నంబరు పెరుగుతుంది గని వీడియో ఆలస్యమైతుంది,” అని వాడు గడియారము చూచి చెప్పునంతవరకు నేనును నమ్మలేదు.

చివరకు వాడు చేసినది మరొకటి. వేగమును పెంచకమునుపటి చోటనే నిలిపి, వోల్టేజిని 1050 మిల్లీవోల్టులనుండి 950కి దించెను. వర్గము లెక్కన విద్యుత్తు నూటికి పదునెనిమిది తగ్గవలెను. ఆ వేళ గది 41 డిగ్రీలుండగా కార్డు 74 దగ్గర ఆగినది. ఓవర్‌క్లాకింగ్ కొరకు మొదలుపెట్టి ఇట్లు ముగించితివేమని అడిగితిని.

“గా సిరిసిల్ల జాబరు కొత్త పుల్లీ ఉంచిండా, తీసిండా? గది చెప్పు మామా ముందుగాల,” అనెను. నేనింకను పోయి చూడలేదు.